కెరటం, కాలం, బూడిదరంగు గాజు: సముద్రతీర ఛాయాచిత్రణ చరిత్రలో ఒక అధ్యాయం

సముద్రతీరాన్ని ఛాయాచిత్రంగా తీయడంలో మొదటినుంచీ రెండు చిక్కులు ఉన్నాయి. ఒకటి వెలుగుది: ఆకాశం, నీరు, తీరం ఒకే చట్రంలో ఇమిడినా వాటి ప్రకాశం ఒకటి కాదు, సూర్యుడు నీటి అంచుకు దగ్గరగా ఉన్న వేళ ఆకాశానికీ, దాని కింద తడిసి నల్లబడిన రాళ్ళకూ మధ్య తేడా వంద రెట్లు దాటిపోతుంది. రెండోది కాలానిది: కెరటం ఒక్క క్షణం నిలవదు, కెమెరాకు మాత్రం ఎంతో కొంత సేపు వెలుగు అందితేనే గాని బొమ్మ పడదు. ఈ రెండింటికీ ఈనాటి ఛాయాగ్రాహకుల సంచిలో ఉండే ఉమ్మడి సమాధానం న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టర్, వాడుకలో ఎన్.డి. ఫిల్టర్. లెన్స్ ముందు అమర్చే ఈ బూడిదరంగు గాజు అన్ని రంగుల వెలుగునూ ఇంచుమించు ఒకే పాళ్ళలో అడ్డుకుంటుంది కనుక దృశ్యంలోని రంగులు మారవు, లోపలికి చేరే వెలుగు మాత్రం తగ్గుతుంది. తగ్గిన మేరకు షట్టర్‌ను, అంటే వెలుగును లోపలికి విడిచే తెరను, ఎక్కువసేపు తెరిచి ఉంచవలసి వస్తుంది. గాజంతా ఒకే తీరున నల్లగా ఉంటే అది సాదా ఎన్.డి.; పై సగం నల్లగా ఉండి కింది సగం తేటగా ఉంటే దానిని గ్రాడ్యుయేటెడ్ ఎన్.డి. అంటారు. మొదటిది కాలాన్ని సాగదీయడానికి, రెండోది ఆకాశాన్ని అదుపు చేయడానికి.

పరికరం ఇంత సాదాసీదాదే అయినా దాని వెనుక ఉన్న చరిత్ర తిన్నగా సాగినది కాదు. ఛాయాచిత్రణ పుట్టిన తొలి దశాబ్దాలలో సముద్రాన్ని తీయాలనుకున్నవారు ఎక్స్‌పోజర్‌ను, అంటే వెలుగు సోకే వ్యవధిని, సెకను కంటే కిందికి దించడానికి నానా అగచాట్లు పడ్డారు. కెరటం చెదిరి పొగలా పడితే దానిని చేతకానితనంగా ఎంచారు. నూటపాతికేళ్ళు గడిచాక అదే పొగ కోసం ఖరీదైన నల్లగాజు కొని, సెకనులో వెయ్యో వంతు చాలే చోట నిమిషాల కొద్దీ షట్టర్ తెరిచి కూర్చునే తరం వచ్చింది. లోపంగా మొదలైనది అభిరుచిగా ఎలా మారిందన్నదే ఈ గాజు చరిత్రలో అసలు విషయం, ఆ మార్పు వల్ల తీరం బొమ్మలలో ఏది నిలిచిందో, ఏది చెరిగిపోయిందో కూడా అందులో భాగమే.

నిలకడగా ఉన్నదే బొమ్మలో మిగులుతుందన్న సంగతి ఛాయాచిత్రణకు పుట్టుకతోనే తెలుసు. 1838లో లూయీ డగేర్ పారిస్‌లోని బులవార్ ద్యూ తాంప్ల్ వీధిని తీసినప్పుడు ఎక్స్‌పోజర్ నిమిషాల లెక్కలో ఉండడం వల్ల బండ్లూ గుర్రాలూ బాటసారులూ అందరూ మాయమై, బూట్లకు పాలిష్ పెట్టించుకుంటూ కదలకుండా నిలబడిన ఒక మనిషి ఆకారం మాత్రమే పలకపై పడింది. అటువంటి పద్ధతితో సముద్రాన్ని తీస్తే దక్కేది కెరటాలు లేని, అంచులు లేని ఒక తెల్లని పరపు. అందుకే 1840లలో తీసిన రేవుల బొమ్మలలో కట్టడాలూ, ఒడ్డున పడి ఉన్న ఓడలూ స్పష్టంగా కనిపిస్తాయి గాని నీరు నీరులా కనిపించదు. వేల్స్ దేశస్థుడైన జాన్ డిల్విన్ లెవెలిన్ 1854 నాటికి తన ఇంటికి దగ్గరలోని కాజ్వెల్ తీరంలో విరుగుతున్న అలను పట్టగలిగినప్పుడు, చలనాన్ని చూపే నాలుగు చిత్రాల వరుసలో దానిని చేర్చి 1855 పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనకు పంపగా, ఆ వరుసకు వెండి పతకం లభించింది. అల ఆగడమే అప్పటికి పతకం ఇవ్వదగిన వింత.

అల ఆగడానికి తోడ్పడినది 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి కొలోడియన్ పద్ధతి. కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని గాజు పలకపై పోసి, సిల్వర్ నైట్రేట్ తొట్టిలో ముంచి, ఆ తడి ఆరకముందే కెమెరాలో పెట్టి బొమ్మ తీసి, అక్కడికక్కడే డెవలప్ చేయాలి. ఇదంతా పావుగంట లోపల జరిగిపోవాలి. తీరంలో పనిచేసేవారు చీకటి గుడారాన్నీ, రసాయనాల పెట్టెలనూ ఇసుకలోకి మోసుకుపోవలసి వచ్చేది. పైగా సముద్రపు తుంపరలోని ఉప్పు తొట్టిలో పడితే సిల్వర్ క్లోరైడ్ తెల్లగా విరిగి ద్రావణం చెడిపోతుంది. ఈ కష్టాలకు ప్రతిఫలంగా ఆ పలక మునుపటి వాటికంటే వేగంగా వెలుగును పట్టేది. అయితే దానికి ఒక పెద్ద లోపం ఉంది: అది నీలం, ఊదా, అతినీలలోహిత కిరణాలకు మాత్రమే స్పందిస్తుంది, పచ్చనీ ఎరుపునూ దాదాపు గుర్తించదు. నేలకూ రాళ్ళకూ సరిపడినంత సేపు పలకను తెరిస్తే నీలాకాశం అవసరానికి మించి పడి నెగెటివ్‌లో నల్లగా మూసుకుపోతుంది, ప్రింటులో అది మేఘం జాడ లేని తెల్లకాగితంలా వస్తుంది. ఆకాశానికి సరిపడేటట్టు తీస్తే నేల చీకటైపోతుంది. ఆనాటి ప్రకృతి దృశ్యాలలో అంత బోసి ఆకాశాలు ఉండడానికి ఆనాటి వాతావరణం కారణం కాదు, ఆనాటి రసాయనం.

ఈ చిక్కును ఎదుర్కొన్న తీరు చేతనే గుస్తావ్ ల గ్రే పేరు సముద్ర ఛాయాచిత్రణలో మొదట చెప్పుకోవలసినదిగా నిలిచింది. 1820లో పుట్టి, పాల్ దెలారోష్ వద్ద చిత్రకళ నేర్చి, 1851లో ఫ్రెంచి ప్రభుత్వం పురాతన కట్టడాలను నమోదు చేయించిన బృందంలో పనిచేసిన ఈ కళాకారుడు 1856 నుంచి మూడేళ్ళపాటు నార్మండీ, మధ్యధరా, బ్రిటనీ తీరాలలో సముద్రాన్ని తీశాడు. 1856 చివరలో లండన్‌లో ప్రదర్శించిన ‘నీటిపై ఓడ’ బొమ్మను చాలామంది వెన్నెలలో తీసినదని నమ్మారు. నిజానికి అది పట్టపగటి చిత్రం: సూర్యుడికి ఎదురుగా కెమెరా నిలిపి, నీటిపై మెరుపు ఎక్కువగా ఉన్న చోటును ఎంచుకుని, తక్కువ ఎక్స్‌పోజర్‌తోనే మేఘాలనూ నీటినీ కలిపి ఒకే పలకపై పట్టడం వల్ల మిగిలిన దృశ్యం రాత్రిలా చీకటిపడింది. నీటి మెరుపు ఆకాశపు వెలుగుకు దీటుగా వచ్చే చోటును వెతకడం, అంటే ప్రకృతిలోనే సమతూకం దొరికే చోట నిలబడడం, ఫిల్టర్ లేని కాలపు తొలి ఉపాయం.

ప్రకృతిలో ఆ సమతూకం దొరకని చోట ల గ్రే రెండో ఉపాయం పన్నాడు. 1857లో సెత్ రేవు దగ్గర తీసిన ‘పెద్ద అల’ను దగ్గరగా చూస్తే అది తెలుస్తుంది. రాళ్ళకు తగిలి విరుగుతున్న కెరటపు నురగ, వెనుక రేవుకట్ట, పైన బరువుగా కమ్మిన మేఘాలు, అన్నీ ఒకే క్షణానికి చెందినట్టే ఉంటాయి. చూపును నీటి అంచు వెంబడి నడిపిస్తే మాత్రం ఆకాశానికీ సముద్రానికీ నడుమ ఒక సన్నని అతుకు ఉన్నట్టు పసిగట్టవచ్చు. ఆ బొమ్మ రెండు గాజు నెగెటివ్‌ల కలయిక: ఒకటి సముద్రానికి తగిన ఎక్స్‌పోజర్‌తో, మరొకటి మేఘాలకు తగిన ఎక్స్‌పోజర్‌తో తీసినవి. ప్రింటు వేసేటప్పుడు కాగితంపై ఆకాశం పడే మేరను కప్పి ముందు సముద్రాన్ని ఎండలో అచ్చు వేసి, తరువాత సముద్రాన్ని కప్పి మేఘాల నెగెటివ్‌ను అమర్చి మళ్ళీ ఎండకు పెట్టేవారు. ఒకే మేఘాల పలకను ఆయన వేర్వేరు సముద్రాలపై వాడిన ఉదాహరణలు కూడా ఉన్నాయి. ఆకాశాన్ని విడిగా అచ్చువేసి చేర్చే ఆలోచనను ఇప్పొలీత్ బయార్ 1852లోనే సూచించాడు గాని దానిని కళగా నిలబెట్టినది ల గ్రే. ఇందులో మోసం ఉందని ఆ తరువాతి కాలం వారు కొందరు ఆక్షేపించారు. కానీ మనిషి కన్ను తీరంలో నిలబడి ఆకాశాన్ని చూసేటప్పుడు ఒక తీరుగా, నీటిని చూసేటప్పుడు మరొక తీరుగా సర్దుకుంటుంది కనుక, పలకకు చేతకాని సర్దుబాటును ప్రింటులో చేసిన ఆయన కన్ను చూసినదానికే దగ్గరగా వచ్చాడనడం న్యాయం.

ఆయన జీవితం మాత్రం ఆ ప్రింట్లంత నిబ్బరంగా సాగలేదు. 1860లో పారిస్ స్టూడియో అప్పులపాలై మూతపడగా, కుటుంబాన్ని విడిచి రచయిత అలెగ్జాండర్ డ్యూమా ఓడలో మధ్యధరా సముద్రంపైకి వెళ్ళిన ల గ్రే దారిలోనే ఆయనతో విడిపోయి, చివరికి ఈజిప్టు చేరి, కైరోలో చిత్రలేఖనం బోధిస్తూ 1884లో మరణించాడు. 1999లో లండన్ వేలంలో ‘పెద్ద అల’ ప్రింటు ఒకటి 5 లక్షల పౌండ్లకు పైగా పలికి, అప్పటికి వేలంలో ఏ ఛాయాచిత్రానికీ రానంత ధర తెచ్చింది.

తెలుగు నేలకు ఈ కథతో ఉన్న తొలి సంబంధం ల గ్రే మరొక ఆవిష్కరణ ద్వారా ఏర్పడింది. కాగితానికి ముందే మైనం పట్టించి తయారుచేసే ఆయన నెగెటివ్‌ను కొన్ని రోజుల ముందే సిద్ధం చేసుకోవచ్చు. తడి పలకలా అప్పటికప్పుడు వాడవలసిన అవసరం లేదు. అందువల్ల ఎండలు కాసే దేశాలలో దూరప్రయాణాలు చేసే ఛాయాగ్రాహకులకు అది అనువుగా దొరికింది. ఆనాడు కోస్తా ఆంధ్ర, రాయలసీమ కూడా భాగమైన మద్రాసు ప్రెసిడెన్సీలో 1856 నుంచి ప్రభుత్వ ఛాయాగ్రాహకుడిగా పనిచేసిన సైనికాధికారి లిన్నేయస్ ట్రైప్ కాగితపు నెగెటివ్‌లనే ఎక్కువగా వాడాడు. బోసిపోయిన ఆకాశాన్ని ఆయన మరో పలకతో నింపలేదు. నెగెటివ్ మీద కుంచెతో రంగు పూసి, మేఘాలనూ ఆకులనూ చేత్తో దిద్దాడు. నెగెటివ్‌పై మందంగా పూత పడిన చోట ప్రింటులో తెల్లగా వస్తుంది కనుక, ఆయన పూసిన పూతలే మధుర, తంజావూరు కోవెలల మీద మబ్బులుగా తేలాయి. ఫ్రాన్సులో కత్తెరతో చేసిన పని ఇక్కడ కుంచెతో జరిగింది. రెండు చోట్లా పోరు ఒకే తెల్లని ఆకాశంతో.

కెమెరాలోనే, బొమ్మ పడే క్షణంలోనే ఆకాశాన్ని అదుపు చేయాలన్న ఆలోచన అమెరికా పశ్చిమతీరంలో రూపుదిద్దుకుంది. తరువాత గుర్రం పరుగును వరుస చిత్రాలలో బంధించి పేరుపొందిన ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ 1869లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండగా ‘ఆకాశపు మరుగు’ అనే ఏర్పాటును ప్రకటించాడు. జారే పలక ఒకటి ఆకాశం నుంచి వచ్చే వెలుగును ముందుగా మూసేస్తే, నేల నుంచి వచ్చే వెలుగు మరికొంతసేపు పడుతూ ఉంటుంది. ఆ విధంగా ఒకే నెగెటివ్‌లో రెండు ఎక్స్‌పోజర్లు కుదురుతాయి. 1871లో అమెరికా ప్రభుత్వ దీపస్తంభాల శాఖ కోసం పసిఫిక్ తీరంలోని దీపస్తంభాలను తీసినది కూడా ఈయనే. నేటి గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్‌కు పూర్వరూపం ఏదని అడిగితే ఈ చెక్కపలకనే చూపాలి, ఎందుకంటే చేసే పని అక్షరాలా ఒకటే: చట్రంలో పై భాగానికి తక్కువ వెలుగు, కింది భాగానికి ఎక్కువ వెలుగు. అయినా ఇది అందరికీ అబ్బలేదు. మేఘాల నెగెటివ్‌లను తయారుగా కొనుక్కుని తమ బొమ్మలకు అతికించుకునే వాడుకే శతాబ్దం చివరిదాకా సాగింది.

సమస్య మూలాన్ని కదిలించినది రంగుల రసాయనం. 1873లో బెర్లిన్‌లో హెర్మన్ విల్‌హెల్మ్ ఫోగెల్ కొన్ని అద్దకపు రంగులు కలిపితే పలక పచ్చని వెలుగుకు కూడా స్పందిస్తుందని కనుగొన్నాడు. 1906లో ఇంగ్లండులోని క్రాయిడన్‌లో రాటెన్ అండ్ వెయిన్‌రైట్ సంస్థ ఎరుపుతో సహా అన్ని రంగులకూ స్పందించే పాంక్రోమాటిక్ పలకలను అమ్మకానికి తెచ్చింది. అన్ని రంగులూ పడే పలక ముందు పసుపు గాజు పెడితే అది నీలాన్ని అడ్డుకుంటుంది, నీలాకాశం తగినంత ముదురుగా పడి తెల్లమేఘాలు పైకి తేలతాయి. నలుపు తెలుపు కాలానికి ఇది చక్కని పరిష్కారమే. కానీ తీరంలో అది పనికివచ్చేది మధ్యాహ్నపు నీలాకాశానికే. పొద్దు పొడిచేవేళ నీటి మీది ఆకాశం నీలంగా ఉండదు, తెల్లగానో పచ్చగానో ఉండి మండుతూ ఉంటుంది, అక్కడ పసుపు గాజు చేయగలిగింది ఏమీ లేదు. 1935లో కోడాక్రోమ్ రావడంతో రంగుల ఫిల్ము వాడుకలోకి వచ్చాక మరో ఇబ్బంది తలెత్తింది: రంగుగాజు పెడితే బొమ్మంతా ఆ రంగే పులుముకుంటుంది. ఏ రంగూ లేని గాజు తప్పనిసరి కావడానికి కారణాలు ఇవి.

ఆ గాజును కొలవడానికి కావలసిన కొలమానం అంతకు చాలాముందే, సముద్రాన్ని తీయడంతో ఏ సంబంధమూ లేని చోట తయారై ఉంది. ఇంగ్లండులో ఆనాటి లాంకషైర్‌లోని విడ్నెస్ అనే చిన్న పట్టణం అప్పట్లో సోడా, క్షారాల కర్మాగారాలకు ప్రసిద్ధి. అక్కడి ఒక కర్మాగారంలో రసాయనవేత్తగా ఉన్న స్విట్జర్లండ్ వాసి ఫెర్డినాండ్ హర్టర్, అదే చోట ఇంజనీరుగా ఉన్న వీరో చార్లెస్ డ్రిఫీల్డ్ తీరిక వేళలలో ఛాయాచిత్రాలు తీసుకునేవారు. ఎంతసేపు తెరవాలన్నది అనుభవానికీ అదృష్టానికీ వదిలేసే ఆనాటి వాడుక వృత్తిరీత్యా కొలతలకు అలవాటుపడిన వారికి నచ్చలేదు. 1888లో ఎక్స్‌పోజర్‌ను లెక్కగట్టే జారుడు స్కేలు ఒకదానికి పేటెంటు పొందారు. 1890లో ప్రకటించిన పరిశోధనా పత్రంలో, పలకపై పడిన వెలుగుకూ పలక పొందే నలుపుకూ ఉన్న సంబంధాన్ని గీతరూపంలో చూపి, ఆ నలుపును ‘డెన్సిటీ’ అనే రాశితో కొలిచారు. ఒక పొర తనపై పడిన వెలుగును ఎన్నో వంతుకు తగ్గిస్తుందో ఆ సంఖ్యకు 10 ఆధారంగా తీసిన లాగరిథమే డెన్సిటీ. వెలుగు సగమైతే 0.3, నాలుగో వంతైతే 0.6, ఎనిమిదో వంతైతే 0.9, వెయ్యో వంతైతే 3.0.

ఈ లెక్కలోని సుగుణం తీరంలో నిలబడి పనిచేసేవారికి ఎక్కువగా అనుభవంలోకి వస్తుంది: రెండు గాజులను ఒకదానిపై ఒకటి పెడితే వాటి డెన్సిటీలను కూడితే చాలు, గుణించనక్కరలేదు. వెలుగు సగానికి తగ్గడాన్ని ఛాయాగ్రాహకులు ‘ఒక స్టాప్’ అంటారు కనుక 0.3 అంటే ఒక స్టాప్, 0.9 అంటే మూడు స్టాప్‌లు, 3.0 అంటే పది స్టాప్‌లు. 1912లో ఈస్ట్‌మన్ కోడాక్ కంపెనీ క్రాయిడన్ సంస్థను కొనుగోలు చేశాక రాటెన్ పేరుతోనే కొనసాగిన జెలటిన్ ఫిల్టర్ల పట్టికలో 96వ సంఖ్య ఈ బూడిదరంగు ఫిల్టర్‌ది. నేటికీ గాజు అంచున కనిపించే 0.6, 0.9 వంటి అంకెలు విడ్నెస్ కర్మాగారపు తీరిక వేళల నుంచి వచ్చినవే. మొదట్లో వీటిని ఎక్కువగా వాడినది ప్రయోగశాలలవారూ సినిమావారూ: సెకనుకు 24 బొమ్మల వేగంతో తిరిగే సినిమా కెమెరాలో షట్టర్ వ్యవధిని ఇష్టం వచ్చినట్టు మార్చుకునే వీలు లేదు కనుక, ఎర్రటి ఎండలో లెన్స్ ద్వారాన్ని పెద్దగా తెరిచి ఉంచాలంటే బూడిదరంగు గాజు ఒక్కటే దిక్కు.

కాలాన్ని సాగదీయడానికి మరొక అడ్డంకి ఉంది, దానిని తేల్చినవాడు ఖగోళ శాస్త్రజ్ఞుడు. వెలుగు తీవ్రతను సగం చేసి వ్యవధిని రెట్టింపు చేస్తే ఫలితం మారదని 1862లో బున్సెన్, రాస్కో సూత్రీకరించారు. వియన్నాలో నక్షత్రాల ఛాయాచిత్రాలను కొలుస్తున్న కార్ల్ ష్వార్జ్‌షీల్డ్, తరువాతి కాలంలో కృష్ణబిలాల గణితానికి పునాది వేసిన ఆయనే, మసక వెలుగులో ఈ సూత్రం తప్పుతుందనీ, వ్యవధి పెరిగే కొద్దీ పలక మందగిస్తుందనీ 1900 ప్రాంతంలో లెక్కతో సహా చూపాడు. ఫిల్ముతో పనిచేసిన తీర ఛాయాగ్రాహకులకు ఈ మందగింపు నిత్యం ఎదురయ్యే బెడద. కోడాక్ తన ట్రై-ఎక్స్ ఫిల్ముకు ఇచ్చిన పట్టిక ప్రకారం లెక్కలో 1 సెకను వస్తే 2 సెకన్లు, 10 సెకన్లు వస్తే 50 సెకన్లు, 100 సెకన్లు వస్తే 1200 సెకన్లు తెరిచి ఉంచాలి. ఇరవై నిమిషాలలో పొద్దు ఎక్కిపోతుంది, పోటు నీరు ట్రైపాడ్ కాళ్ళ దాకా వస్తుంది, లెక్కకట్టిన వెలుగు అప్పటికి ఉండదు. ముదురు ఫిల్టర్ చాలాకాలం కొద్దిమంది చేతిలోనే ఉండిపోవడానికి ఇది ఒక బలమైన కారణం.

గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్‌కు మాత్రం వ్యాప్తి ముందే వచ్చింది. 1978లో ఫ్రాన్సులో జాఁ కోకాఁ రూపొందించిన కోకిన్ పద్ధతిలో చతురస్రపు ఫిల్టర్‌ను లెన్స్ ముందు ఉన్న గాడిలో పైకీ కిందికీ జరపవచ్చు. గుండ్రని ఫిల్టర్‌లో నలుపు తెలుపుల హద్దు నట్టనడుమ స్థిరపడి ఉంటుంది కనుక చట్రంలో నీటి అంచు ఎక్కడ ఉండాలో గాజే నిర్ణయించేది, ఈ గాడి వచ్చాక ఆ నిర్ణయం కంటిది అయింది. అమెరికా పర్వతారోహకుడు, ఛాయాగ్రాహకుడు గేలెన్ రోవెల్ సింగ్-రే సంస్థతో కలిసి తన పేరిటనే గ్రాడ్యుయేటెడ్ ఎన్.డి. ఫిల్టర్లను తయారుచేయించాడు. స్లైడ్ ఫిల్ము ఐదారు స్టాప్‌లకు మించిన వెలుగు తేడాను ఇముడ్చుకోలేదు. నీడలో ఉన్న లోయ వెనుక ఎండ తగిలిన శిఖరాన్ని తీయడానికి కొండలలో పుట్టిన ఈ అవసరమే తీరంలో ఇంకా చక్కగా అమరింది, ఎందుకంటే శిఖరాల అంచులు వంకరటింకరగా ఉంటే సముద్రపు అంచు గీత గీసినట్టు ఉంటుంది. హద్దు పదునుగా ఉన్న ఫిల్టర్లు తీరానికి, హద్దు మెల్లగా కరిగే ఫిల్టర్లు కొండలకు అన్న విభజన ఆ విధంగా స్థిరపడింది.

ఇక సాగదీసిన కాలాన్ని లోపం నుంచి శైలిగా మార్చినవారిలో ముఖ్యుడు మైఖేల్ కెన్నా. 1953లో పుట్టిన ఈయన స్వస్థలం కూడా విడ్నెస్సే. డెన్సిటీ కొలత పుట్టిన పట్టణంలోనే, ఆ కొలత ఆధారంగా పనిచేసే చూపు కూడా పుట్టడం యాదృచ్ఛికమే అయినా చెప్పుకోదగినది. 1970ల చివరలో అమెరికాకు వెళ్ళిన కెన్నా చతురస్రపు నలుపు తెలుపు ఫిల్ముపై రాత్రివేళ గంటల కొద్దీ, పగలు ఎన్.డి. ఫిల్టర్ సాయంతో నిమిషాల కొద్దీ ఎక్స్‌పోజర్లు ఇచ్చి, పాత రేవుగుంజలు, అలతాకిడి గోడలు, నీటిలో దిగిన మెట్లు తప్ప మరేమీ లేని తీరాలను చిన్న చిన్న ప్రింట్లుగా చేశాడు. ఆ బొమ్మలలో నీరు కదలదు, అయినా కదలిక లేని నీరులా కూడా ఉండదు. కొన్ని వందల అలలు ఒకదానిపై ఒకటి పడి సర్దుకుంటే మిగిలే సగటు అది. ఆ సగటు ఏ కంటికీ కనిపించేది కాదు. కన్ను చూడలేనిదాన్ని కెమెరా చూపడం సెకనులో వెయ్యో వంతుతో మాత్రమే కాదు, వెయ్యి సెకన్లతోనూ జరుగుతుందని ఆయన ప్రింట్లు చూపాయి.

డిజిటల్ కెమెరా ఈ శైలిని అందరికీ అందుబాటులోకి తెచ్చింది. సెన్సర్‌కు ష్వార్జ్‌షీల్డ్ చూపిన మందగింపు లేదు: ఫిల్టర్ లేకుండా సెకనులో 30వ వంతు సరిపోయే దృశ్యానికి పది స్టాప్‌ల గాజు పెడితే సుమారు 34 సెకన్లు, నిశ్చింతగా అంతే. ఫలితం వెంటనే తెర మీద కనిపిస్తుంది. 2010 ప్రాంతంలో బ్రిటన్‌కు చెందిన లీ సంస్థ ‘బిగ్ స్టాపర్’ పేరుతో విడుదల చేసిన పది స్టాప్‌ల గాజుకు గిరాకీ బాగా పెరగడంతో ఇతర సంస్థలూ ఆ దారి పట్టాయి. అయితే సెన్సర్ తనదైన కొత్త చిక్కును తెచ్చింది. అద్దకపు రంగులతో తయారైన ముదురు ఫిల్టర్లు కంటికి కనిపించే వెలుగును అడ్డుకున్నంతగా పరారుణ కిరణాలను అడ్డుకోలేవు. సెన్సర్ ఆ కిరణాలకు కొంతవరకు స్పందిస్తుంది కనుక బొమ్మకు ఎర్రజీర పట్టేది. గాజుపై పలుచని లోహపు పూతను శూన్యంలో పట్టించే పద్ధతి వచ్చాక గాని బూడిదరంగు నిజంగా తటస్థం కాలేదు.

ఇదే కాలంలో గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్‌కు పోటీగా పాత ఆలోచన ఒకటి కొత్త రూపంలో తిరిగి వచ్చింది. 1997లో పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ వేర్వేరు ఎక్స్‌పోజర్ల చిత్రాలను గణితంతో ఒకటిగా కలిపే విధానాన్ని ప్రకటించారు. ఆ తరహా కలయిక నేడు ఫోన్లలో మనిషి ప్రమేయం లేకుండానే జరిగిపోతున్నది. ఇది ల గ్రే చేసిన పనే, అతుకు కనిపించదు గాని. గాజును సమర్థించేవారి వాదనలో బలం ఉన్నది వేరే చోట: కదిలే నీటిపై తీసిన వేర్వేరు చిత్రాలలో ఏ రెండు అలలూ ఒకచోట ఉండవు కనుక, వాటిని కలిపిన యంత్రం ఎన్నడూ లేని అలను సృష్టిస్తుంది, ఒకే ఎక్స్‌పోజర్‌లో గాజు ద్వారా వచ్చినది ఎంత సాగినా నిజంగా జరిగిన కాలమే.

ఆంధ్ర తీరానికి ఈ పరికరం ఇంతగా అవసరపడడానికి కారణం దిక్కు. ఇచ్ఛాపురం నుంచి తడ వరకు తీరం తూర్పు వైపుకో ఆగ్నేయం వైపుకో తిరిగి ఉంది కనుక పొద్దు నీటిలోంచే లేస్తుంది, కెమెరా సూర్యుడికి ఎదురుగానే నిలవాలి. విశాఖపట్నంలో డాల్ఫిన్స్ నోస్ కొండ నీటి అంచును చీల్చుకుని పైకి లేస్తుంది. పదునైన హద్దు ఉన్న ఫిల్టర్ పెడితే ఆకాశంతో పాటు కొండ తల కూడా అకారణంగా నల్లబడుతుంది, అక్కడ మెల్లగా కరిగే హద్దు ఉన్నదే వాడాలి. అదే భీమిలి ఇసుకలో నిలబడి నేరుగా సముద్రాన్ని చూస్తే పదునైన హద్దుకు అడ్డేమీ లేదు. మొదటి కిరణానికి ముందున్న పావుగంటలో వెలుగు ఎలాగూ తక్కువే కనుక ముదురు గాజు అవసరం రాదు; పొద్దు పైకి వచ్చాకనే ఆరు, పది స్టాప్‌ల గాజులు సంచిలోంచి బయటికి వస్తాయి.

అయితే ఈ తీరం పొద్దునపూట ఖాళీగా ఉండదు. పెదజాలారిపేట వంటి చోట్ల రాత్రి వేటకు పోయిన పడవలు ఆ వేళకే ఒడ్డు చేరతాయి; అలివి వలను రెండు కొసల నుంచి లాగే మనుషులు, చేపల తట్టలతో ఎదురుచూసే ఆడవాళ్ళు, ఒకప్పటి కొయ్యతెప్పల స్థానంలోకి వచ్చిన ఫైబర్ పడవలను ఇసుకలోకి నెట్టే భుజాలు, ఇవన్నీ ఆ పొద్దుటివేళ జరిగే పనులు. రెండు నిమిషాల ఎక్స్‌పోజర్‌లో వీరిలో ఒక్కరూ మిగలరు, బులవార్ ద్యూ తాంప్ల్ బాటసారులు మిగలనట్టే. రాళ్ళూ పొగలాంటి నీరూ మాత్రం ఉండే ఆ బొమ్మను విశాఖలో తీశారో ఐర్లండులో తీశారో చెప్పడం కష్టం. పది స్టాప్‌ల గాజు ఇంత వ్యాపించిన ఈ కాలంలో తీరాలన్నీ ఒకే తీరుగా కనబడడం మొదలుకావడం నిజమైన నష్టం, ఈ నష్టాన్ని ఏ కొత్త పూతా పూడ్చదు. దీనికి విరుగుడు కూడా అదే సంచిలో ఉంది. మూడు స్టాప్‌ల గాజుతో సెకనులో నాలుగో వంతు నుంచి ఒక సెకను వరకు తెరిస్తే, వెనక్కి మళ్ళుతున్న నీరు ఇసుకపై గీతలు గీతలుగా తన దారిని చూపుతుంది, వల పట్టుకుని కాళ్ళు ఊని నిలబడిన మనిషి గుర్తుపట్టేటట్టు ఉంటాడు, అతని చేతులు మాత్రం లాగుతున్న దిక్కుకు చెదురుతాయి. తీరప్రాంత జీవనాన్ని నమోదు చేయదలచినవారు ముందుగా కొనవలసిన గాజు 3.0ది కాదు, 0.9ది.